పేరు నుంచి రాత వరకు: మరణించిన రచయితలను, పాత్రికేయులను వెతుక్కునే ఆన్‌లైన్ సేవల సమీక్ష

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఫోర్ట్ పియర్స్ పట్టణంలో, నవలా రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ సమాధిపై ఉన్న రాయి ఆవిడ వయసును పదేళ్ళు తగ్గించి చెబుతుంది. ఆవిడ పుట్టింది 1891లో. రాతిపై చెక్కి ఉన్నది 1901. ఆ తప్పు రాయి చెక్కినవారిది కాదు, దాన్ని వేయించిన రచయిత్రి ఆలిస్ వాకర్‌ది కూడా కాదు. మధ్యలో ఆగిపోయిన హైస్కూలు చదువును ఇరవయ్యారేళ్ళ వయసులో ఉచితంగా పూర్తిచేయడానికి హర్‌స్టన్ స్వయంగా పదేళ్ళు దాచి చెప్పారు. ఆ తరువాత కూడా నిజం బయటపెట్టలేదు. చివరికి ఆ అబద్ధమే రాతికెక్కింది. 1960 జనవరిలో ఆవిడ కన్నుమూసినప్పుడు పేరు చెప్పే రాయి కూడా లేకుండానే ఖననం జరిగిపోయింది. 1973లో వాకర్ నడుములోతు గడ్డిలో పడి వెతికి, ఇదే అయి ఉండాలని అనుకున్న చోట ఆ రాయి వేయించారు.

ఆ రాయి ఫొటోను నేను చూసింది ఫైండ్ ఎ గ్రేవ్ అనే వెబ్‌సైటులో. పేరున్నవారి సమాధులను చూసే సరదా గల జిమ్ టిప్టన్ అనే అమెరికన్ 1995లో దీన్ని మొదలుపెట్టగా, 2013లో వంశవృక్షాల వ్యాపారం చేసే యాన్సెస్ట్రీ సంస్థ కొనుక్కుంది. స్వచ్ఛందంగా పనిచేసేవారు శ్మశానాలకు వెళ్ళి ఫొటోలు తీసి ఎక్కిస్తారు. చూడవచ్చినవారు తెరమీదనే ఒక పువ్వు బొమ్మను ఎంచుకుని, రెండు మాటలు రాసి, సమాధి దగ్గర ఉంచి వెళ్ళవచ్చు. మనిషి ఎక్కడ శాశ్వతంగా నిద్రపోతున్నారో ఈ సేవకు తెలుసు. అయితే హర్‌స్టన్ విషయంలో అంతకంటే ముఖ్యమైన చోటు మరొకటి ఉంది. ఆవిడ పోయిన కొద్ది రోజులకే ఇల్లు ఖాళీచేస్తూ కాగితాలను మంటలో వేస్తుంటే, ఆవిడను ఎరిగిన ఒక డిప్యూటీ షెరీఫ్ అటుగా వెళుతూ చూసి, నీళ్ళు పోసి ఆర్పించారు. అంచులు మాడిన ఆ కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 1927లో మొదలుపెట్టి, బానిస ఓడలో వచ్చిన చివరితరం మనిషిని స్వయంగా కలిసి ఆవిడ రాసిన పుస్తకం 2018లో గానీ అచ్చు కాలేదు. సమాధి దగ్గర పువ్వులు పెట్టేవారిలో ఎందరు ఈ రెండో చోటి దాకా వెళతారన్నది నా సందేహం.

నా కొలబద్దను ముందే చెప్పేస్తాను. వర్ధంతులకూ శతజయంతులకూ నివాళి వ్యాసాలు రాయడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటైన పని. ఆ పనికోసం ఇటువంటి సేవలను ఎడాపెడా వాడుతూ ఉంటాను. ఒక సేవ మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: పేరు మాత్రమే తెలిసి వచ్చిన పాఠకుణ్ణి, ఆ పేరుగల మనిషి రాసిన వాక్యం దగ్గరికి ఇది ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా చేరుస్తుంది? పుట్టిన తేదీ, పోయిన తేదీ, వచ్చిన అవార్డులు, మిగిలిన కుటుంబం, వీటిని చెప్పే పేజీలు కోకొల్లలు. ఈ కొలతలో ఫైండ్ ఎ గ్రేవ్‌కు నేను ఐదుకు ఒకటి వేస్తాను. ఆ ఒకటి కూడా ఎండలో నడిచి ఫొటోలు తీసే స్వచ్ఛంద సేవకుల కష్టానికి.

ఇక అసలు చెప్పుకోవలసినది న్యూయార్క్ టైమ్స్ పత్రిక నడుపుతున్న ‘ఓవర్‌లుక్డ్’ అనే సంస్మరణ శీర్షిక గురించి. ఆ పత్రిక పుట్టిన 1851 నుంచి తన సంస్మరణ పుటల్లో ఎక్కువభాగం తెల్లజాతి పురుషులే నిండి ఉన్నారని తానే ఒప్పుకుని, అప్పట్లో తాము విస్మరించినవారికి ఇప్పుడు వ్యాసాలు రాయడం 2018 మార్చి 8న మొదలుపెట్టింది. సంస్మరణ విభాగంలో పనిచేసే అమీషా పద్నానీకి వచ్చిన ఆలోచన ఇది. తొలి విడతలో పదిహేనుమంది మహిళలు ఉన్నారు. వారిలో రాతతో బతికినవారు పలువురు. షార్లెట్ బ్రాంటీ ఉన్నారు, సిల్వియా ప్లాత్ ఉన్నారు, స్త్రీల కోసం పత్రిక నడిపి 1907లో మరణశిక్షకు గురైన చైనా కవయిత్రి చియూ జిన్ ఉన్నారు. తరువాతి విడతల్లో ప్యూర్టోరికో కవయిత్రి హూలియా దె బుర్గోస్, ఇరాన్ కవయిత్రి ఫరూగ్ ఫరొఖ్‌జాద్ వంటివారు చేరారు. 1855లో పోయిన బ్రాంటీకి 2018లో మరణవార్త! వినగానే నవ్వు వచ్చే సంగతే గాని, చదివితే నవ్వు రాదు.

ఆ పదిహేనుమందిలో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళేది ఐడా బి. వెల్స్ వ్యాసానికి. బానిసగా పుట్టి, పాఠశాల ఉపాధ్యాయురాలై, తరువాత మెంఫిస్ నగరంలో ‘ఫ్రీ స్పీచ్’ అనే పత్రికకు భాగస్వామిగా, సంపాదకురాలిగా పనిచేసిన వెల్స్ మిత్రుడు ఒకరిని, ఆయనతోపాటు మరో ఇద్దరిని 1892 మార్చిలో మూక పొట్టనబెట్టుకుంది. వారు చేసిన నేరమల్లా ఒక కిరాణా దుకాణం బాగా నడపడం. మూకహత్యలను సమర్థించుకోవడానికి అప్పటి సమాజం చెప్పే కారణం పచ్చి అబద్ధమని మే 21న వెల్స్ సంపాదకీయం రాశారు. ఆవిడ ఊళ్ళో లేని సమయంలో, మే 27న, పత్రికా కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. తిరిగి వస్తే ప్రాణం దక్కదని కబురు వచ్చింది. ఆవిడ న్యూయార్క్‌లో ఉండిపోయి, నల్లజాతివారు నడిపే మరో పత్రికలో అదే విషయాన్ని మరింత విస్తారంగా రాశారు. 1895లో ఆవిడ పెళ్ళి వార్తను న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటలో వేసింది. 1931లో ఆవిడ మరణాన్ని మాత్రం పట్టించుకోలేదు. పత్రిక తన నిర్లక్ష్యాన్ని తానే ఇలా పక్కపక్కన పెట్టి చూపించడం నాకు నచ్చింది. 2020లో ఆవిడకు మరణానంతరం పులిట్జర్ ప్రత్యేక గౌరవం దక్కింది. అప్పటికి ఆవిడ పోయి ఎనభై తొమ్మిదేళ్ళు.

అయితే ఆలస్యంగా రాసే నివాళిలో ఒక చిక్కు ఉంది. మనిషి పోయిన మర్నాడు రాసేవారికి ఆ మనిషి నిలుస్తారో లేదో తెలియదు; వారు పందెం కాస్తారు, చాలాసార్లు ఓడిపోతారు. ఎనభై ఏళ్ళ తరువాత రాసేవారికి ఆ భయం లేదు, తీర్పు ముందే వచ్చేసింది. అందువల్ల ఈ శీర్షికలోని కొన్ని వ్యాసాలు ముగింపు ముందే తెలిసిన కథల్లాగా, ప్రతి కష్టమూ రాబోయే కీర్తికి మెట్టే అన్నట్లు నడుస్తాయి. దీనికి మినహాయింపు నెల్లా లార్సెన్ వ్యాసం. 1928లో, 1929లో రెండు నవలలు ప్రచురించి, 1930లో ఒక కథ విషయంలో గ్రంథచౌర్యం ఆరోపణ ఎదుర్కొని, అదే ఏడాది గుగన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుని, ఆ తరువాత మరో పుస్తకం వెలువరించకుండానే నర్సుగా ఉద్యోగం చేసుకుంటూ 1964లో ఒంటరిగా పోయిన మనిషి జీవితాన్ని ఏ రచయితా తేలికగా విజయగాథగా మలచలేరు. రాయడం మానేసిన రచయిత జీవితాన్ని చెప్పడం చాలా కష్టం. అది ఇక్కడ బాగానే కుదిరింది.

సంస్మరణ విభాగాల పనితీరు తెలియనివారికి ఒక ముచ్చట చెప్పాలి. పేరున్నవారి మరణవార్తలను పెద్ద పత్రికలు వారు బతికి ఉండగానే రాసి సిద్ధంగా పెట్టుకుంటాయి. సినీనటి ఎలిజబెత్ టేలర్ 2011లో పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వ్యాసం కింద ఉన్న పేరు మెల్ గస్సో. ఆ నాటక విమర్శకుడు 2005లోనే కన్నుమూశారు. రాసినాయన ముందు వెళ్ళిపోయారు, ఎవరి గురించి రాశారో ఆవిడ ఆరేళ్ళ తరువాత వెళ్ళారు, వ్యాసం మాత్రం వేళకు అచ్చయింది. పాత్రికేయుడికి ఇంతకన్నా వృత్తిధర్మం ఏముంటుంది!

‘ఓవర్‌లుక్డ్’కు నేను వేసే మార్కులు ఐదుకు మూడున్నర. తగ్గించడానికి కారణాలు రెండు. మొదటిది, చందా కట్టనివారికి తలుపు సగమే తెరుచుకుంటుంది. రెండవది, నా కొలబద్దకు సంబంధించినది: ఈ వ్యాసాలు వెల్స్ గురించి చెబుతాయి, వెల్స్ మాటలు కొన్ని ఉటంకిస్తాయి, కానీ వెల్స్‌ను చదవాలంటే మనం లేచి మరొక ఇంటికి వెళ్ళాలి.

ఆ మరొక ఇల్లు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. మైకేల్ హార్ట్ అనే విద్యార్థి 1971లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను విశ్వవిద్యాలయ కంప్యూటర్‌లో తన చేత్తో టైపు చేయడంతో మొదలైన ఈ ఉచిత గ్రంథాలయంలో ఇప్పుడు డెబ్బయి వేలకు పైగా పుస్తకాలు ఉన్నాయి. అందచందాల విషయంలో దీనికి సున్నా. పేజీలు గుమాస్తా లెడ్జరులా ఉంటాయి. కానీ వెల్స్ పేరు కొట్టగానే 1892 నాటి ఆవిడ కరపత్రం తెరుచుకుంటుంది. నమోదు అక్కర్లేదు, చందా అక్కర్లేదు, ప్రకటనలు లేవు. ముందుమాట కింద 1892 అక్టోబరు 26 అన్న తేదీ, ఆ వెంటనే బానిసత్వంపై పోరాడిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన అభినందన లేఖ, తరువాత ఆరు చిన్న అధ్యాయాలు. మొదటి అధ్యాయంలోనే ఆవిడ చేసిన పని చూస్తే వృత్తిలో ఉన్నవారెవరికైనా ముచ్చట వేస్తుంది. ఏ సంపాదకీయం వల్ల కార్యాలయం నేలమట్టమైందో దాన్ని తేదీతో సహా మళ్ళీ అచ్చువేసి, దాని కింద తన మీద విషం కక్కిన రెండు స్థానిక పత్రికల రాతలను కూడా వాటి మాటల్లోనే పెట్టారు. తనది మాత్రమే దాచుకుంటే ఆత్మకథ అయ్యేది. ఎదుటివారిది కూడా దాచారు గనుక అది సాక్ష్యమైంది. అచ్చుయంత్రం పోయినా ఆ సంపాదకీయం నేడు మన తెరమీద ఉన్నదంటే, తన పత్రికకు తానే భాండాగారం కావాలన్న తెలివిడి ఆవిడకు అప్పుడే ఉండబట్టి.

గుటెన్‌బర్గ్‌కు ఉన్న పెద్ద పరిమితి దాని చేతిలో లేదు. అది కాపీరైటు చట్టాలది. ఒకే రచయిత ఒక దేశంలో అందరి సొత్తు, పక్క దేశంలో వారసుల సొత్తు. జార్జ్ ఆర్వెల్ 1950 జనవరిలో పోయారు. రచయిత మరణానంతరం అరవై ఏళ్ళు లెక్కగట్టే భారతదేశంలో ఆయన రచనలు 2011లో, డెబ్బయి ఏళ్ళు లెక్కగట్టే బ్రిటన్‌లో 2021లో స్వేచ్ఛ పొందాయి. ప్రచురణ తేదీ నుంచి తొంభై అయిదేళ్ళు లెక్కించే అమెరికాలో ఆయన చివరి నవల 2044 దాకా కాపీరైటు కిందే ఉంటుంది. లార్సెన్ రెండు నవలలు అదే లెక్కన అమెరికాలో 2024లో, 2025లో బయటికి వచ్చాయి. అంటే ఆవిడ రాయడం మానేశాక దాదాపు శతాబ్దం. వర్ధంతి వ్యాసం రాసేవారికి ఈ లెక్క తెలిసి ఉండడం, పుట్టినరోజు తెలిసి ఉండడం కన్నా ఎక్కువ ఉపయోగం.

ఇప్పటిదాకా చెప్పినవి అచ్చయిన రచనల సంగతి. చేతిరాతను చూపించే సేవల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎమిలీ డికిన్సన్ ఆర్కైవ్. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ముందుండి, వేర్వేరు సంస్థల దగ్గర చెదిరి ఉన్న వ్రాతప్రతులను ఒకచోట చేర్చి 2013లో దీన్ని ప్రారంభించింది. 1886లో పోయిన ఈ కవయిత్రి రాసినవి దాదాపు పద్దెనిమిది వందల కవితలు. బతికి ఉండగా అచ్చయినవి పది ప్రాంతం. ఆ పదింటిలో ఒకటి పాము మీద కవిత. 1866లో స్థానిక దినపత్రిక దాన్ని పేరు లేకుండా, తానే ఒక శీర్షిక తగిలించి, మూడో పాదం చివర తనకు తోచిన విరామచిహ్నం పెట్టి వేసింది. మూడో, నాలుగో పాదాలు ఒకటిగా సాగవలసినవని, ఆ చిహ్నం తన పాదాన్ని ఓడించిందని డికిన్సన్ ఉత్తరంలో మొరపెట్టుకున్నారు. ఈ ఆర్కైవ్‌లో ఆవిడ చేతిరాత బొమ్మను పెద్దది చేసి చూస్తే ఆవిడ గొడవ ఏమిటో కళ్ళకు కడుతుంది. పొడుగ్గా, పొట్టిగా, కొన్నిసార్లు పైకి ఎగసినట్లుగా ఉండే, ఆవిడ విరామచిహ్నాలుగా వాడిన ఆ గీతలను ఏ అచ్చు అక్షరమూ పూర్తిగా పట్టుకోలేదు. 1890లో తొలి సంపాదకులు వాటిని చాలావరకు చదును చేసేశారు. 1955 నాటి జాన్సన్ సంకలనం, 1998 నాటి ఫ్రాంక్లిన్ సంకలనం వాటిని తిరిగి నిలబెట్టాయి. ఏ సంపాదకుడు ఏ పాదాన్ని ఎలా మార్చాడో ప్రతులను పోల్చుకుంటూ ఇక్కడ చూడవచ్చు. దానికి తోడు ఆవిడ కవితల్లో వాడిన తొమ్మిది వేలకు పైగా మాటలకు నిఘంటువు కూడా జతచేశారు. సంపాదకత్వం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకు మించిన పాఠశాల నాకు తెలియదు. ఐదుకు ఐదు.

యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆర్వెల్ దినచర్య కూడా పాముతోనే మొదలవుతుంది. ఆయన పేరిట బహుమతి ఇచ్చే సంస్థ, ఆయన 1938 ఆగస్టు 9న రాసిన తొలి పుటను సరిగ్గా డెబ్బయి ఏళ్ళకు, 2008 ఆగస్టు 9న ఇంటర్నెట్‌లో పెట్టి, ఆ తరువాత ఏ రోజు రాసింది ఆ రోజునే వెలువరిస్తూ 2012 దాకా వచ్చింది. తోటలో పెద్ద పామును పట్టుకున్న సంగతితో మొదలైన ఆ దినచర్యలో నెలల తరబడి కోళ్ళు ఆ రోజు ఎన్ని గుడ్లు పెట్టాయన్న లెక్క వస్తూనే ఉంటుంది. కొన్ని రోజులకు ఆ లెక్క తప్ప మరేమీ లేదు. మహారచయిత అంతరంగం తెలుస్తుందని వచ్చినవారు మొదట విసుక్కున్నారు. యుద్ధం ముంచుకొస్తున్న 1939 ఆగస్టు రోజులు వచ్చేసరికి, ఒకపక్క వార్తాపత్రికల నుంచి ఎత్తిరాసుకున్న రాజకీయ పరిణామాలు, మరోపక్క అదే గుడ్ల లెక్క చదువుతుంటే నాకు ఎక్కడా కలగనంత దగ్గరితనం ఆయనతో కలిగింది. తన జీవితచరిత్ర ఎవరూ రాయవద్దని వీలునామాలో కోరిన మనిషి ఆర్వెల్. ఆ కోరిక ఎవరూ మన్నించలేదు. జీవితచరిత్రలు కుప్పలుగా వచ్చాయి. రోజుకొక పుట చొప్పున తలుపు సందులోంచి చూడనిచ్చిన ఈ పద్ధతే ఆయన మాటకు ఎంతోకొంత మర్యాద ఇచ్చిందని నా అభిప్రాయం.

పాత్రికేయుల విషయానికి వస్తే పరిస్థితి ఇంత సుఖంగా ఉండదు. రచయితకు పుస్తకం ఉంటుంది. పాత్రికేయుడి రాత రేపటికి పాతకాగితం. అందులోనూ వృత్తి కారణంగా హత్యకు గురైనవారి విషయంలో, వారు రాసినదాన్ని వారు పోయిన తీరు మింగేస్తుంది. 1981లో న్యూయార్క్‌లో ఏర్పడిన కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ సంస్థ 1992 నుంచి మరణించిన పాత్రికేయుల వివరాలతో ఒక డేటాబేసు నిర్వహిస్తోంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. పేరు, పోయిన తేదీ, చోటు, పనిచేసిన సంస్థ, రాసిన అంశాలు, ఆ తరువాత వరసగా ప్రశ్నలు: బెదిరింపులు వచ్చాయా, నిర్బంధించారా, చిత్రహింసలు పెట్టారా. ఎదురుగా అవును, కాదు అన్న ఒక్క మాట. అలంకారం ఏమీ లేని ఆ పట్టిక ముందు పెద్ద పెద్ద నివాళులు తేలిపోతాయి. మరణానికి వృత్తే కారణమని నిర్ధారణ అయినవారిని, ఇంకా కానివారిని ఈ సంస్థ వేర్వేరుగా లెక్కించడం కూడా మెచ్చుకోవలసిన జాగ్రత్త. కానీ నా ప్రశ్న మళ్ళీ అక్కడికే వస్తుంది. ‘రాసిన అంశాలు: అవినీతి, రాజకీయాలు’ అని చదివాక ఆ అవినీతి కథనం ఏదో చదవాలనిపిస్తుంది, ఈ పట్టికకు ఆ పని లేదు. హంతకుల జవాబుదారీతనం కోసం పుట్టిన సేవను సాహిత్య భాండాగారం కాలేదని తప్పుపట్టడం అన్యాయం గనుక దీనికి మార్కులు వేయను.

ఆ లోటును మరో దారిలో పూరించేది ఫర్బిడెన్ స్టోరీస్. ఫ్రెంచి పాత్రికేయుడు లోరాన్ రిషార్ 2017లో దీన్ని స్థాపించారు. హత్యకో జైలుకో గురైన పాత్రికేయుల పరిశోధనను, వారు ఆపిన చోటినుంచి మిగతావారు కలిసి ముందుకు తీసుకువెళ్ళడం దీని పని. మాల్టాలో డాఫ్నే కరువానా గలీజియా 2017 అక్టోబరు 16న తన బ్లాగులో చివరి టపా పెట్టిన అరగంటకల్లా కారుబాంబుకు బలయ్యారు. ఆవిడ తవ్వుతున్న విషయాలను 18 వార్తాసంస్థలకు చెందిన 45 మంది పాత్రికేయులు పంచుకుని, 2018 ఏప్రిల్ నుంచి ప్రచురించారు. ఆవిడ హత్యకు తగిన వాతావరణం కల్పించినందుకు ప్రభుత్వానిదే బాధ్యత అని 2021లో బహిరంగ విచారణ సంఘం తేల్చింది. బెదిరింపులు ఎదుర్కొంటున్నవారు తమ సమాచారాన్ని ముందుగానే భద్రపరచుకునే ఏర్పాటు కూడా ఈ సంస్థ చేసింది. వారసత్వం అన్న మాటను పాత్రికేయులకు వాడవలసి వస్తే నేను ఇక్కడ వాడతాను: ఆస్తి పంచుకున్నట్లు కాదు, మిగిలిన అప్పు తీర్చినట్లు. అయితే దీనిలోనూ ఒక తేడా గమనించాను. సామూహిక పరిశోధన పెద్దదవుతున్న కొద్దీ మూల పాత్రికేయురాలి గొంతు సన్నబడుతుంది. డాఫ్నే రాతలోని వెటకారం, కోపం, ఒక్కొక్కసారి అతి కూడా కావాలంటే ఆవిడ బ్లాగుకే వెళ్ళాలి. అది ఇప్పటికీ చదువుకోవడానికి వీలుగా ఉంది.

ఒకే ఒక్క వ్యాసాన్ని సరిగా నిలిపిన ఉదాహరణ కూడా చెప్పాలి. సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగీ 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన చివరి వ్యాసాన్ని వాషింగ్టన్ పోస్ట్ అదే నెల 17న ప్రచురించింది. పైన ఆయన సంపాదకురాలు రాసిన చిన్న గమనిక ఉంది: వ్యాసం తన చేతికి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో, ఆయన తిరిగివస్తే కలిసి దిద్దుదామని ఎందుకు ఆగిందో, ఇక రారని ఎప్పుడు అర్థమైందో. గమనిక అయిపోగానే ఆయన మాటలే. నివాళికీ రచనకూ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న పేజీని నేను మరొకటి చూడలేదు.

ఇక నాకు ఎదురైన రెండు చేదు అనుభవాలు. ప్రముఖుల జీవిత విశేషాలు అందించే ఒక వెబ్‌సైటులో, నేను వ్యాసం రాస్తున్న ఒక పాత్రికేయుడి పేజీలో అదే పేరున్న మరొకరి ఫొటో ఉంది. మరణ సంవత్సరం కూడా ఒకటి అటూ ఇటూ అయింది. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ‘మీ సూచన అందింది’ అని వెంటనే జవాబు వచ్చింది, ఫొటో మాత్రం కదలలేదు. ఇంకోసారి పాత పత్రికలు అందించే ఒక సేవకు డబ్బు కట్టి, ఒక సంపాదకుడు రాసిన శీర్షిక కోసం ఏడాది సంచికలన్నీ తిరగేశాను. వెతికే పెట్టెలో ఆయన పేరు కొడితే ఒక్క ఫలితమూ రాలేదు. పుటలు తిప్పుకుంటూ పోతే ఆయన ప్రతి వారమూ అక్కడే ఉన్నారు. ఆయన పేరులోని జంటాక్షరాన్ని యంత్రం ప్రతిసారీ తప్పుగా చదివి, ఎవరికీ లేని పేరు ఒకటి తయారుచేసి పెట్టింది. పుట మడత దగ్గర రెండు వరుసలు స్కానులో పడలేదు. వ్యాసం చివరి పేరా ఆ మడతలోనే ఉంది. ఇటువంటి సేవలకు డబ్బు కట్టబోయేవారు, ముందు ఉచిత గడువు తీసుకుని, తమకు తప్పకుండా తెలిసిన ఒక వ్యాసాన్ని వెతికి చూసుకోవాలని నా సలహా. అది దొరకకపోతే తెలియనివి అసలే దొరకవు.

ఇంటర్నెట్‌లోనే పుట్టిన రాతల పరిస్థితి కాగితంకన్నా మెరుగ్గా ఉంటుందని అనుకునేవారు ఒక అంకె చూడాలి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళు తిరిగేసరికి అందుబాటులో లేవని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో లెక్క తేల్చింది. అందువల్ల పాత్రికేయుల విషయంలో నేను చివరగా తట్టే తలుపు, పాత వెబ్ పేజీల ప్రతులను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషిన్. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఈ సంస్థకు కష్టాలు తక్కువేమీ కావు. ప్రచురణకర్తలు వేసిన దావాలో 2024 సెప్టెంబరులో అప్పీలు కూడా ఓడిపోయింది, ఆ వ్యవహారంలో అయిదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే సైబర్ దాడితో కొన్నాళ్ళు మూతపడింది. అయినా పోయినవారి రాతల కోసం నేను దీనిపై ఆధారపడినంతగా మరి దేనిపైనా ఆధారపడలేదు. వాడడంలో ఒక కిటుకు ఉంది: పత్రిక మొదటి పేజీతో మొదలుపెట్టకుండా, వ్యాసం పూర్తి చిరునామా ఎక్కడైనా, ఎవరి ఉత్తరంలోనైనా మిగిలి ఉంటే దాన్నే అతికించాలి. తరువాత వచ్చే క్యాలెండరులో చుక్కలున్న తేదీల్లో అన్నిటికన్నా పాతదాన్ని నొక్కాలి, ఎందుకంటే తరువాతి ప్రతుల్లో చాలాసార్లు ‘పేజీ కనబడలేదు’ అన్న మాటే భద్రంగా ఉంటుంది.

ఆ కిటుకుతోనే ఆమధ్య ఒక వ్యాసం సంపాదించాను. రాసినాయన లేరు, పత్రికా లేదు, దాని వెబ్‌సైటు చిరునామాను ఇప్పుడు ఎవరో వేరే వ్యాపారానికి కొనుక్కున్నారు. తెరుచుకున్న ప్రతిలో ఫొటో ఉండవలసిన చోట ఖాళీ చతురస్రం, పక్కన ఆనాటి వాతావరణం చెప్పే పెట్టె, మధ్యలో ఒక్క మాట కూడా పోకుండా ఆయన రాసిన తొమ్మిది పేరాలు. వాటి కింద పాఠకుల అభిప్రాయాలు నాలుగు; మూడోదానికి ఆయనే జవాబు ఇచ్చి, తన వ్యాసంలో ఒక తేదీ తప్పు పడిందని ఒప్పుకుని, సరైనది రాశారు. ఆ కింద కొత్త అభిప్రాయం రాయడానికి ఒక పెట్టె ఉంది. నొక్కి చూశాను, ఏమీ జరగలేదు. నా నివాళి వ్యాసంలో ఆ సరైన తేదీనే వేశాను.